టెన్త్ మ్యాథ్స్: గ్రాఫు, ఏపీ (అంకశ్రేఢి), స్టాటిస్టిక్స్ మీ పిల్లలకు ఎలా చెప్తున్నారు?

పెరంబూర్ అమ్మ:
మా పాప ఇక్కడ తమిళనాడు స్టేట్ బోర్డులో టెన్త్. గ్రాఫు ప్రశ్నకు 8 మార్కులు. టేబుల్ వేస్తుంది, చుక్కలు పెడుతుంది, "దీని సాయంతో ఇంకో సమీకరణం సాధించు" అనేసరికి ఆగిపోతుంది. ఏపీలో, అంటే ఒకే తేడాతో సాగే సంఖ్యల వరసలో, ఎన్ని పదాలున్నాయో లెక్క తప్పుతుంది. పరీక్షలంటేనే టెన్షన్ పడుతోంది. ఎవరైనా దారి చెప్పండి.

విల్లివాక్కం ట్యూషన్ సార్:
అమ్మా, ఆ రెండో సమీకరణానికి కొత్త గ్రాఫు అక్కర్లేదు. వై = ఎక్స్² − ఎక్స్ − 6 గీయమని, దాంతో ఎక్స్² − 2ఎక్స్ − 3 = 0 సాధించమన్నారనుకోండి. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే వై = ఎక్స్ − 3 మిగులుతుంది. అది సరళరేఖ. అదే గ్రాఫు మీద దాన్నీ గీస్తే రెండూ రెండు చోట్ల కలుస్తాయి: (3, 0), (−1, −4). జవాబు 3, −1. తీసేసేటప్పుడు మైనస్ గుర్తులు మారడం దగ్గరే పిల్లలు జారిపోతారు, అక్కడ పక్కన కూర్చోండి.

టేబుల్ కూడా చూడండి. −3 నుంచి 4 వరకు వై విలువలు 6, 0, −4, −6, −6, −4, 0, 6 రావాలి. అటూ ఇటూ ఒకేలా ఉన్నాయి కదా, లేకపోతే ఎక్కడో తప్పున్నట్టే. ఎక్కువగా ఆ తప్పు (−3)² ని −9 అని రాయడం వల్ల వస్తుంది.

టీనగర్ నాన్న:
సార్ చెప్పిన లెక్కలో 0 దగ్గరా 1 దగ్గరా వై −6 అని మావాడు స్కేలుతో అడ్డగీత గీసేశాడు. మధ్యలో, ఎక్స్ 0.5 దగ్గర, వై −6.25. కింద కాస్త గుండ్రంగా తిరగాలి. ఆ వంపు గీతని (పారబోలాని) చేత్తోనే గీయించండి. అక్షాల మీద స్కేలు ఎంత తీసుకున్నారో రాయడం కూడా మర్చిపోనివ్వకండి.

కొళత్తూర్ అక్క:
ఏపీ సంగతి నేను చెప్తాను. 100కీ 500కీ మధ్య 7తో భాగించబడే సంఖ్యల మొత్తం అడిగితే, ముందు మొదటిదీ చివరిదీ పట్టుకోమనండి: 105, 497. తేడా 392, ఏడుతో భాగిస్తే 56. అవి మధ్యలోని అంగలు మాత్రమే, పదాలు ఇంకొకటి ఎక్కువ, అంటే 57. మొత్తం 57 × 602 ÷ 2 = 17,157. ఫార్ములా ఎంత బట్టీ పట్టినా ఆ ఒక్కటీ కలపకపోతే మార్కులు పోతాయి.

బీఎస్సీ తమ్ముడు:
స్టాండర్డ్ డీవియేషన్‌లో (సంఖ్యలు సగటు నుంచి ఎంత దూరంగా ఉన్నాయో చెప్పే కొలత) ప్రతి సంఖ్యకీ సగటుకీ ఉన్న తేడాల మొత్తం సున్నా వచ్చిందో లేదో చూస్తే చాలు, సగటు సరిగ్గా తీశారో లేదో తెలిసిపోతుంది. 4, 7, 9, 10, 15 తీసుకోండి. సగటు 9, తేడాలు −5, −2, 0, 1, 6. వర్గాల మొత్తం 66, ఐదుతో భాగిస్తే 13.2, వర్గమూలం సుమారు 3.63. ప్రతి సంఖ్యకూ 5 కలిపినా ఈ విలువ మారదు, రెట్టింపు చేస్తే ఇదీ రెట్టింపవుతుంది. ఒక మార్కు ప్రశ్నలకు ఇది బాగా పనికొస్తుంది.

పెరంబూర్ అమ్మ:
అందరికీ థాంక్స్ అండీ. పాపతో ఆ లెక్క చేయించాను, గీత సరిగ్గా (−1, −4) మీదుగా వెళ్ళింది! ఇంకో డౌట్ సార్, పారబోలా ఎక్స్ అక్షాన్ని తాకకపోతే?

విల్లివాక్కం ట్యూషన్ సార్:
వాస్తవ మూలాలు (సమీకరణానికి వాస్తవ సంఖ్యల్లో జవాబులు) లేవని రాయాలమ్మా. వై = ఎక్స్² + 2ఎక్స్ + 5 గీయించండి, దాని అడుగు (−1, 4) దగ్గరే ఆగిపోతుంది. తాకి వదిలేస్తే రెండు మూలాలూ సమానం, రెండు చోట్ల ఖండిస్తే వేర్వేరు.