డీఎన్ఏ పరీక్ష లేకుండా సముద్రపు నాచుకి జాతి పేరు రాయొచ్చా?

తీరంపాఠం:

నేను విశాఖలో ఒక డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. ఏటా ఫైనలియర్ పిల్లల్ని అమావాస్యకో పౌర్ణమికో, నీళ్లు బాగా వెనక్కి లాగే రోజు చూసి, తెన్నేటి పార్కు కింది రాళ్ల మీదకి తీసుకెళ్తాను. అక్కడ మాకు దొరికేది ఓ రెండు గంటలు. ఏరుకొచ్చిన నాచుల్ని అడ్డుకోత కోసి, మైక్రోస్కోపు కింద పెట్టి, గుర్తింపు కీ (ఒక్కో లక్షణం చూస్తూ పేరు దాకా తీసుకెళ్లే పట్టిక) పట్టుకుని పేరు తేలుస్తాం. పోయినసారి రికార్డుల్లో ఉల్వా ఫాసియేటా, ఎంటరోమార్ఫా కంప్రెసా, కీటోమార్ఫా ఆంటెన్నినా, గ్రాసిలేరియా కార్టికేటా, ఒక పడైనా, ఒక సర్గాసమ్ ఉన్నాయి.

బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ రికార్డు తిరగేసి, ఎంటరోమార్ఫా అనే ప్రజాతే (దగ్గరి జాతుల గుంపు, పేరులో మొదటి మాట) ఇప్పుడు లేదన్నారు. అక్కడితో ఆగలేదు. డీఎన్ఏ సీక్వెన్స్ (డీఎన్ఏలోని అక్షరాల వరస) చదవకుండా రాసిన జాతి పేరుకి విలువ లేదు, ‘ఆకుపచ్చ నాచు 1, ఆకుపచ్చ నాచు 2’ అని రాయిస్తే చాలన్నారు. పిల్లల ముఖాలు చిన్నబోయాయి.

ఎంటరోమార్ఫా సంగతి ఒప్పుకుంటాను. పేరు మారిందని తెలుసుకోకపోవడం నా తప్పే. రెండో మాట మాత్రం మింగుడుపడలేదు. కణాల వరసలు లెక్కపెట్టి, పైరినాయిడ్లు (కణంలో పిండిపదార్థం చేరే చుక్కలు) వెతికి, రెండు పూటలు కూర్చున్న పిల్లవాడు చివరికి ‘నాచు 1’ అని రాయాలా? మీరంతా ఏమంటారో చెప్పండి.

ల్యాబ్‌కోటు:

తీరంపాఠం గారూ, ఆయన చెప్పిన తీరు నాకూ నచ్చలేదు. విషయం వరకు మాత్రం నేను ఆయన పక్షమే. నా పీహెచ్‌డీ ఆకుపచ్చ శైవలాల (నాచుల) మీద. ఆకారం ఎంత మోసం చేస్తుందో రోజూ చూస్తున్నదాన్ని.

ఉల్వా అంటే రెండు కణాల మందాన పలచటి రేకు, ఎంటరోమార్ఫా అంటే ఒకే కణం మందాన గొట్టం. మనందరం ఇలాగే చదువుకున్నాం. 1753లో, జీవులకి రెండు మాటల పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ ఈ గొట్టాల్ని కూడా ఉల్వా అనే రాశాడు. 1820లో లింక్ గొట్టాల్ని విడదీసి ఎంటరోమార్ఫా అన్నాడు. ఆ గీత 180 ఏళ్లు నిలిచింది. 1999లో డీఎన్ఏతో వంశవృక్షం గీసి చూస్తే గొట్టాలన్నీ ఒక కొమ్మ మీదకి, రేకులన్నీ ఇంకో కొమ్మ మీదకి రాలేదు. కలగాపులగంగా వచ్చాయి. అంటే ఈ వంశంలో రేకు గొట్టం కావడం, గొట్టం రేకు కావడం ఒక్కసారి జరిగినది కాదు. 2003లో హేడెన్ బృందం రెండు ప్రజాతుల్నీ తిరిగి కలిపేసింది. లిన్నేయస్ మొదటి నుంచీ చెప్పిందే సరైనదని వాళ్లు పేపరు శీర్షికలోనే రాశారు.

మీ రికార్డులోని కంప్రెసానే తీసుకోండి. మనకి తెలిసింది గొట్టం. బాల్టిక్ సముద్రంలో అదే జాతి రేకులుగానూ పెరుగుతోంది. దాని చుట్టం ఇంటెస్టినాలిస్‌కి మామూలుగా కొమ్మలుండవు. నీటిలో ఉప్పు ఉన్నట్టుండి తగ్గితే దానికీ కొమ్మలొస్తాయి. గెడ్డ నీళ్లు కలిసే చోట ఏరారనుకోండి, మీ కీ మిమ్మల్ని వేరే పేరు దగ్గరికి తీసుకెళ్తుంది.

నన్ను అన్నిటికంటే కదిలించింది ఇంకోటి. చుట్టూ ఉండే బ్యాక్టీరియాని పూర్తిగా తీసేసి పెంచితే ఉల్వా రేకు కట్టదు, గొట్టమూ కట్టదు. కణాల ముద్దలా ఉండిపోతుంది. దీని దగ్గరి బంధువు మోనోస్ట్రోమా మీద పనిచేసిన జపాన్ శాస్త్రవేత్తలు, ఆకారం తెప్పించే పదార్థాన్ని ఆ బ్యాక్టీరియా నుంచే వేరుచేసి 2005లో ప్రకటించారు. దానికి థాలుసిన్ అని పేరు పెట్టారు. పక్కన బతికే బ్యాక్టీరియా చలవతో వచ్చే ఆకారాన్ని నమ్మి జాతిని ఎలా తేలుస్తాం?

దీంతో పనులు కూడా ముడిపడి ఉంటాయి. 2008 ఒలింపిక్స్‌లో తెరచాప పడవల పోటీలు జరగాల్సిన చైనాలోని చింగ్‌దావో తీరాన్ని ఆకుపచ్చ నాచు కప్పేసింది. వేల మంది దిగి ఎత్తిపోయాల్సి వచ్చింది. అది ఉల్వా ప్రొలిఫెరా. దక్షిణాన జియాంగ్సు తీరంలో నోరి అనే తినే ఎర్ర నాచు సాగుచేసే తెప్పలు దానికి మూలమని తేల్చడానికి ఉపగ్రహ చిత్రాలతో పాటు డీఎన్ఏ పోలికలూ కావలసి వచ్చాయి. ఎందుకంటే ఆ తెప్పల తాళ్ల మీద ఒకటి కాదు, చాలా రకాల ఉల్వాలు కలిసి పెరుగుతాయి.

పాతహెర్బేరియం:

అమ్మా ల్యాబ్‌కోటూ, నువ్వు చెప్పినవి నిజాలే. కానీ అన్నీ ఉల్వా గురించే చెప్పావు. ఉల్వా మొండి ఘటం. దాన్ని చూపించి నాచులన్నిటి మీదా ఒకే తీర్పు చెప్పడం న్యాయం కాదు. కీటోమార్ఫా ఆంటెన్నినాని చూడు. అల నేరుగా కొట్టే రాతి అంచున కుచ్చులు కుచ్చులుగా నిలబడి ఉంటుంది. పోగు ఒకే వరస కణాలతో ఉంటుంది, అడుగు కణం మిగతావాటికంటే బాగా పొడుగు. విశాఖ రాళ్ల మీద దాన్ని ఏటా చూసే టీచరు పొరబడడు. పడైనా విసనకర్రలా విచ్చుకుని, అంచు లోపలికి చుట్టుకుని ఉంటుంది. అది పడైనా అని చెప్పడానికి యంత్రం అక్కర్లేదు. అందులో ఏ జాతి అన్నప్పుడు కష్టం మొదలవుతుంది. అది కూడా కణాల పొరలు లెక్కపెట్టడం దగ్గర మొదలవుతుంది.

1960ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి ఉమామహేశ్వరరావు, శ్రీరాములు గార్లు ఈ తీరం మీదే తిరిగి, ఏ నాచు ఏ మట్టంలో ఉంటుందో, ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో రాశారు. 1964లో ఆ పరిశీలన, 1970లో విశాఖ నాచుల పట్టిక అచ్చయ్యాయి. అప్పటికి డీఎన్ఏ సీక్వెన్సింగ్ అన్నదే చేతికి రాలేదు. ఈ రోజు మన తీరం ఎంత మారిందో చెప్పాలంటే ఆ పట్టికతోనే పోల్చుకోవాలి. వాళ్లు కూడా ‘నాచు 1, నాచు 2’ అని రాసి ఊరుకుని ఉంటే మనం దేనితో పోల్చుకునేవాళ్లం?

ఇంకో మాట. మీ డీఎన్ఏ డేటాబేసులో సీక్వెన్స్ పక్కన ఒక పేరుంటుంది కదా, అది ఎవరు పెట్టారు? ఎవరో ఒకరు నాచుని కంటితో చూసే పెట్టారు. ఆ పేరు తప్పైతే కంప్యూటరు ఆ తప్పునే 99 శాతం పోలిక అని మీకు అప్పజెబుతుంది. చూసినవాడు కూడా దాన్ని ఇంక ప్రశ్నించడు.

పేర్ల నిలకడ సంగతీ చూడు. మనం పోర్ఫైరా అని చదువుకున్న ఎర్ర నాచుల్లో చాలావాటిని 2011లో పైరోపియా అన్నారు. 2020లో ఆ పైరోపియాని మళ్లీ విడగొట్టారు. జపాన్‌లో నోరి చేసే యెజోయెన్సిస్ తొమ్మిదేళ్లలో పోర్ఫైరా నుంచి పైరోపియా, అక్కడి నుంచి నియోపైరోపియా అయింది. పిల్లలకి ఏది చెప్పమంటావు?

మండపం నుంచి:

నేను సైన్సు చదివినవాణ్ని కాదు, ఎం.కాం. మాది నెల్లూరు వైపు. తమిళనాడులో మండపం దగ్గర నాచు కొనుగోలు వ్యాపారంలో పదేళ్లుగా ఉన్నాను. ఇక్కడ పాంబన్, రామేశ్వరం వైపు సముద్రంలో మునిగి నాచు కోసేది ఎక్కువగా ఆడవాళ్లే. వాళ్ల పేర్లు వాళ్లకున్నాయి. మరికొళుందు పాసి అంటే జెలిడియెల్లా. మరికొళుందు అంటే మన దవనం, చూస్తే అలాగే ఉంటుంది. కంజి పాసి అంటే గ్రాసిలేరియా ఎడ్యులిస్. కట్టకోరై అంటే సర్గాసమ్. మొదటి రెండూ అగార్‌కి, మూడోది ఆల్జినేట్‌కి పోతాయి. రెండూ నాచు నుంచి తీసే, గట్టిపరిచే జిగురు పదార్థాలు.

మరికొళుందులో కంజి పాసి కలిస్తే అగార్ గట్టిదనం పడిపోతుంది, రేటూ పడిపోతుంది. అందుకని ఎండబెట్టిన కుప్పలో చెయ్యి పెట్టి తడిమి చెప్పేస్తారు. నేను చూసినంతలో వాళ్లు తప్పు చెప్పింది చాలా తక్కువ. అదే సర్గాసమ్‌లో ఎన్ని జాతులున్నాయంటే వాళ్లు పట్టించుకోరు. దేనికైనా ధర ఒకటే కాబట్టి.

వ్యాపారం పేర్లని గుడ్డిగా నమ్మమని మాత్రం చెప్పను. ప్రపంచ మార్కెట్లో ‘కాటనీ’ అని అమ్మే నాచు నిజానికి కప్పాఫైకస్ ఆల్వరేజి. కప్పాఫైకస్ కాటనీ అని వేరే జాతి ఉంది. ఈ సంగతి తెలియక మొదట్లో నేను కాగితాల్లో తప్పు పేరు రాసి చాలా టెన్షన్ పడ్డాను. ఏ పని కోసం పేరు కావాలో దాన్ని బట్టి ఎంత లోతుకి వెళ్లాలో తేలుతుందని నా అభిప్రాయం.

ల్యాబ్‌కోటు:

పాతహెర్బేరియం సర్, డేటాబేసు గురించి మీరన్నది ఒప్పుకుంటున్నాను. ఉల్వాలో ఆ గందరగోళం చాలా ఉంది. అందులో పెద్దది ఉల్వా లాక్టూకాదే, అది నేరుగా మన తీరానికి తగిలే కథ.

ఉత్తర యూరప్ చల్లటి నీళ్లలో పెరిగే వెడల్పాటి ఉల్వాని అందరూ తరతరాలుగా లాక్టూకా అన్నారు. పాఠ్యపుస్తకాల్లో బొమ్మ కూడా అదే. లిన్నేయస్ తన చేతితో దాచుకున్న లాక్టూకా షీటు (కాగితం మీద ఆరబెట్టిన నమూనా) లండన్‌లో లిన్నియన్ సొసైటీ దగ్గర ఉంది. దానిలోంచి చిన్న ముక్క తీసి డీఎన్ఏ చదివిన ఫలితం 2019లో వచ్చింది. అది యూరప్ చల్లటి నీళ్ల జాతి కాదు. వెచ్చటి సముద్రాల్లో పెరిగే ఫాసియేటాతో సరిపోయింది. ఫాసియేటా పేరు 1813లో డెలీల్ ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నమూనాకి పెట్టింది. పాత పేరుకే హక్కు కాబట్టి ఫాసియేటా ఇప్పుడు లాక్టూకాలో కలిసిపోతుంది. యూరప్ దానికి ఫెనెస్ట్రాటా అనే పేరు వచ్చింది.

అంటే తీరంపాఠం గారి పిల్లలు ఫాసియేటా అని రాసిన నాచుకి 1753 నాటి అసలు లాక్టూకా పేరే చెందే అవకాశం ఉంది. అవకాశం అనే అంటున్నాను. విశాఖ నమూనాని చదివి చూస్తేగానీ అదీ ఇదీ ఒకటే అని సంతకం పెట్టలేను. వెడల్పాటి ఉల్వాలు ఇంకా ఉన్నాయి. నా వాదన ఇక్కడే ఉంది సర్. రెండున్నర శతాబ్దాల పొరపాటుని కంటిచూపు సరిదిద్దలేకపోయింది.

పాతహెర్బేరియం:

సరిదిద్దింది డీఎన్ఏనే. కాదనను. మరి ఆ డీఎన్ఏ ఎక్కడి నుంచి వచ్చిందమ్మా? ఒకాయన నాచుని కాగితం మీద పరిచి, ఆరబెట్టి, పేరు రాసి దాచాడు కాబట్టి వచ్చింది. పేరు తప్పుగా వాడుకున్నది తరవాతి వాళ్లు. ఆ షీటు లేకపోతే నీ యంత్రానికి పని లేదు. అసలు లాక్టూకా ఏదో ఎప్పటికీ తేలేది కాదు.

పోర్ఫైరా సంగతి తీసింది నేనే కాబట్టి ఇంకొకటి చెప్తాను. గవ్వల పెంకుల్లో పెరిగే గులాబి రంగు పోగుల్ని కాంకోసెలిస్ రోజియా అని వేరే జాతిగా రాసేవాళ్లు. ఆల్చిప్పల మీద పోర్ఫైరా బీజాల్ని పెంచి చూసి, అవి రెండూ ఒకే మొక్క జీవితంలో రెండు దశలని 1949లో కాథ్లీన్ డ్రూ బేకర్ చూపించారు. దాంతోనే జపాన్‌లో నోరి విత్తనం చేతికొచ్చింది. అక్కడి రైతులు ఆవిడకి గుడి దగ్గర స్మారకం కట్టుకున్నారు. ఆమె దగ్గర డీఎన్ఏ లేదు. ఓపిగ్గా పెంచి చూడటం ఉంది. ఆకారం మోసం చేసినప్పుడు దాన్ని పట్టుకునే దారులు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయని పిల్లలకి చెప్పాలి.

తీరంపాఠం:

మీరిద్దరూ చెప్పింది చదివాక మా ల్యాబ్ అల్మారా తెరిచి చూశాను. ఇరవై ఏళ్ల సీసాలున్నాయి. అన్నీ ఫార్మలిన్‌లో. చీటీల మీద పేరు, సంవత్సరం మాత్రమే ఉన్నాయి. ఏ రాయి, ఏ నెల అన్నది లేదు. షీట్లు పరీక్ష అయిపోగానే పిల్లలు పట్టుకుపోయారు. ఎగ్జామినర్ మాట కంటే ఇదే ఎక్కువ బాధనిపించింది. పేర్లు సరైనవో కావో మళ్లీ చూసుకునే దారి నేనే మూసేశాను.

ల్యాబ్‌కోటు:

ఫార్మలిన్ డీఎన్ఏని పాడుచేస్తుంది, వాటి మీద నాకు పెద్దగా ఆశ లేదు. అడ్డుకోతకి మాత్రం పనికొస్తాయి, పారేయకండి.

ఈసారి నాచు ఏరగానే మంచినీళ్లతో కాదు, సముద్రపు నీళ్లతోనే కడిగి, పైన పాకే చిన్న నాచులు లేని లేత చోట గోరంత ముక్క కత్తిరించండి. తుడిచి, తేమ పీల్చే సిలికా జెల్ ఉన్న చిన్న కవర్లో వేయండి. షీటుకి ఏ నంబరు ఇస్తే కవరుకీ అదే నంబరు. ఉల్వాలు, గ్రాసిలేరియాలు నాకు పంపండి, నా నమూనాలతో కలిపి చదివిస్తాను. ఆకుపచ్చవాటికి టఫ్-ఏ, ఆర్‌బీసీఎల్ జన్యువులు సరిపోతాయి. కీటోమార్ఫా కూడా పంపండి. సర్ చెప్పింది నిజమో కాదో చూద్దాం.

రికార్డులో మాత్రం ఫలితం వచ్చేదాకా ‘ఉల్వా, రేకు రూపం’, ‘ఉల్వా, గొట్టం రూపం’ అని రాయించడమే నిజాయితీ అని ఇప్పటికీ అంటాను.

పాతహెర్బేరియం:

నేను ఇప్పటికీ ఒప్పుకోను. పిల్లలు తమకి కనిపించిన లక్షణాలు రాసి, వాటిని బట్టి ఉల్వా ఫాసియేటా అని తేల్చామని రాయాలి. తేల్చినవాడి పేరు, తేదీ ఉండాలి. తప్పైతే తప్పని తెలుస్తుంది. ఏమీ తేల్చకపోతే దిద్దడానికి కూడా ఏమీ ఉండదు.

తీరంపాఠం గారూ, షీట్లు రెండేసి చేయించండి. ఒకటి పిల్లవాడికి, ఒకటి కాలేజీకి. పళ్లెంలో నీళ్లు పోసి, కాగితం అడుగున పెట్టి, నాచుని తేలనిచ్చి మెల్లగా పైకెత్తాలి. మీద పలచటి పాత మల్లు గుడ్డ వేసి, అద్దుడు కాగితాలు మొదటి రోజు రెండుసార్లు మార్చండి. రాయి ఎక్కడుంది, ఆటుపోట్ల మట్టంలో ఎంత పైన దొరికింది, తడి మీద రంగు ఏమిటి, ఇవి అక్కడే పెన్సిల్‌తో రాయించండి. ఎండాక రంగు మారిపోతుంది.

ల్యాబ్‌కోటు సీక్వెన్స్ వచ్చి లాక్టూకా అని తేలితే ఆ పేరు, తేదీ వేరే చీటీ మీద రాసి అదే షీటుకి అంటించండి. పిల్లవాడు రాసిన ఫాసియేటాని మాత్రం కొట్టేయకండి.