పదకొండో గ్రేడ్ ఇంగ్లిష్: థీమ్ అంటే ఏం రాయాలి? గ్రామర్ మార్కులు ఎక్కడ పోతున్నాయి?

ఫ్రిస్కో_అమ్మ:
అందరికీ నమస్కారం. మా బాబు హైదరాబాద్‌లో తొమ్మిదో తరగతి చదివాక ఇక్కడికి వచ్చాం. ఇప్పుడు పదకొండో గ్రేడ్, ఏడాదంతా అమెరికన్ లిటరేచర్. లెక్కలు, కెమిస్ట్రీతో ఎప్పుడూ ఇబ్బంది లేదు, ఇంగ్లిష్ ఎస్సే అంటేనే వాడికి టెన్షన్. ది గ్రేట్ గాట్స్‌బీ మీద నాలుగు పేజీలు రాస్తే సీ ప్లస్ వచ్చింది. "ఈ నవల థీమ్ అమెరికన్ డ్రీమ్" అన్న వాక్యం కింద గీత గీసి, ఇది టాపిక్, థీమ్ కాదు అని టీచర్ పక్కన రాసింది. చివర్లో "అత్యాశ మంచిది కాదు" అని ముగిస్తే దాన్నీ కొట్టేసింది. పైగా పేజీ నిండా కామాల చుట్టూ సున్నాలు. హైదరాబాద్‌లో వీడికి ఇంగ్లిష్‌లో తొంభై తగ్గేవి కాదు. తేడా ఎక్కడ వస్తోందో తెలిసినవాళ్లు చెప్పండి.

కరీంనగర్_టు_కొలంబస్:
అక్కా, నేను పదో గ్రేడ్‌లో వచ్చాను, నాకూ అచ్చం ఇలాగే అయింది. మన బళ్లో సారాంశం రాసి చివర నీతి చెబితే మార్కులు పడేవి, ఇక్కడ ఆ రెండూ రాస్తే అసలు పని మొదలే కాలేదంటారు. అమెరికన్ డ్రీమ్ (కష్టపడితే ఎవరైనా పైకి రావచ్చన్న నమ్మకం) అన్నది నవల దేని గురించో చెబుతుంది, అంతే. దాని గురించి ఈ నవల ఏమంటోందో పూర్తి వాక్యంలో చెబితే అది థీమ్. నాకు పనికొచ్చిన దారి ఒకటే, పుస్తకంలో మళ్లీ మళ్లీ కనిపించే ఒక్క వస్తువును పట్టుకోవడం. గాట్స్‌బీలో పచ్చ లైటు ఉంది కదా, మొదటి అధ్యాయం చివర హీరో గాట్స్‌బీ చీకట్లో ఒక్కడే నిలబడి, నీళ్లకి అవతల, తను ప్రేమించిన డైసీ వాళ్ల పడవల రేవు చివర వెలిగే ఆ లైటు వైపు చేతులు చాస్తాడు. ఐదో అధ్యాయానికి డైసీ పక్కనే ఉంటుంది, అప్పుడది మామూలు లైటైపోతుంది. ఆఖరి పేజీకి గాట్స్‌బీయే లేడు, కథ చెప్పే నిక్ ఆ లైటును తలుచుకుంటాడు. ఈ మూడు చోట్లా ఏం మారిందని మీవాణ్ణి అడగండి, మీరు చెప్పకండి.

ఎడిసన్_టీచరమ్మ:
కామాల సంగతి నేను చెబుతానండి, పన్నెండేళ్లుగా వేరే దేశాల నుంచి వచ్చిన పిల్లలకి ఇంగ్లిష్ చెబుతున్నాను. మన పిల్లలకి వాయిస్ మార్చడం, డైరెక్ట్ ఇన్‌డైరెక్ట్ స్పీచ్ కంఠతా వచ్చు, కానీ ఎస్సేలో తప్పులు అక్కడ పడవు. తెలుగులో "వచ్చి, తిని, పడుకున్నాడు" అంటాం, సమాపక క్రియ చివర ఒక్కటే, వాక్యం ఎంత పొడుగైనా తెగదు. అదే ఊపులో ఇంగ్లిష్‌లో "గాట్స్‌బీ త్రోస్ పార్టీస్, హీ వాంట్స్ డైసీ టు కమ్" అని రాసేస్తారు. కామాకి రెండు వైపులా కర్త ఉంది, క్రియ ఉంది, రెండూ విడిగా నిలబడే వాక్యాలే, వాటిని కామా ఒక్కటే కలపలేదు. దీన్నే కామా స్ప్లైస్ అంటారు. ఫుల్‌స్టాప్ పెట్టాలి, లేదా సెమికోలన్, లేదా బికాజ్. నేనైతే బికాజ్ పెట్టించి చూస్తాను, ఎందుకంటే అప్పుడు పిల్లాడు కారణం ఆలోచించక తప్పదు, టీచర్ అడిగే విశ్లేషణ అదే. ఇంకోటి, నవల 1925లోదైనా కథలో జరిగేది ప్రెజెంట్ టెన్స్‌లోనే రాయాలి. కాలేజీ ప్రవేశానికి రాసే శాట్‌లోనూ ఇవి అడుగుతారు, రీడింగ్ అండ్ రైటింగ్‌లో 64 నిమిషాలకి 54 ప్రశ్నలు, ఆగి ఆలోచించే టైం ఉండదు.

లెవెన్త్_గ్రేడర్:
ఆంటీ, సమ్మరీ సైట్ల మీద మాత్రం ఆధారపడనివ్వకండి. ద క్రూసిబుల్ నాటకం చదివినప్పుడు నేను అదే చేశాను. సేలంలో 1692లో మంత్రగత్తెలంటూ జరిగిన విచారణలు, 1953లో నాటకం, కమ్యూనిస్టులంటూ మనుషుల్ని వేటాడిన మెకార్తీ రోజులు, అన్నీ కరెక్టుగా రాశాను. నాటకంలో ఏ మాట చూసి ఇదంతా అన్నావని టీచర్ అడిగితే చూపించడానికి ఒక్క లైను లేదు.

ఓయూ_ఎంఏ_ఇంగ్లిష్:
ఇది మన సాహిత్యం కాదు, మన పిల్లలకి ఎలా ఎక్కుతుందని బెంగపడకండి. ఉస్మానియా క్యాంపస్‌లో 1964లోనే అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ పెట్టారు, మనవాళ్లకి ఇది కొత్త చదువేం కాదు. లొరెయిన్ హాన్స్‌బెర్రీ నాటకం ఎ రైజిన్ ఇన్ ద సన్ సిలబస్‌లో ఉంటే దాని గురించి ఇంట్లో తప్పకుండా మాట్లాడుకోండి. షికాగోలో ఇరుకు ఇంట్లో ఒక నల్లజాతి కుటుంబం, తండ్రి పోయాక 10,000 డాలర్ల ఇన్సూరెన్స్ చెక్కు వస్తుంది. కొడుకు వ్యాపారం పెడతానంటాడు, కూతురికి డాక్టర్ చదువు కావాలి, తల్లికి సొంతిల్లు కావాలి. ఎల్‌ఐసీ డబ్బులొచ్చినప్పుడు మా ఇంట్లో నడిచిన మాటలే ఇవి. కానీ తల్లి తెల్లవాళ్ల పేటలో ఇల్లు కొనేసరికి, మీరు రావద్దు, ఎదురు డబ్బిస్తామని ఒకతను బేరానికొస్తాడు. మన ఇంటి కథ అక్కడ ఆగిపోతుంది, వాళ్ల కథ అక్కడే మొదలవుతుంది. ముందు ఇదంతా తెలుగులోనే మాట్లాడనివ్వండి, ఆలోచన కుదిరాక ఇంగ్లిష్‌లో పెట్టుకుంటాడు.

ఫ్రిస్కో_అమ్మ:
అందరికీ చాలా థాంక్స్. నిన్న అన్నాలప్పుడు పచ్చ లైటు సంగతి అడిగాను. వాడు కంచంలో చెయ్యి ఆపి "అమ్మా, అతనికి డైసీ కంటే డైసీ కోసం ఎదురుచూసిన ఐదేళ్లే ఎక్కువ ఇష్టం" అన్నాడు. అదే రాయమన్నాను, ఒక్క వాక్యానికి ఇరవై నిమిషాలు కూర్చున్నాడు. కామా స్ప్లైసులు ఏడు వాడే పట్టుకున్నాడు. తిరగరాయడానికి శుక్రవారం దాకా టైం ఉంది. టీచరమ్మగారూ, ఏ, యాన్, ద మాత్రం ఇంకా తడబడుతున్నాడు, ఇంట్లో ఏం చేయించాలి?

ఎడిసన్_టీచరమ్మ:
మంచి మాట అన్నాడండి, అది పోనివ్వకండి. ఆర్టికల్స్‌కి వేరే పుస్తకం అక్కర్లేదు. గాట్స్‌బీలోదే ఒక పేరా తీసుకుని, అవన్నీ తీసేసి, వాణ్ణి నింపమనండి, తర్వాత పుస్తకంతో పోల్చుకోవాలి. ముందుగా ఆ లైటు దగ్గరే చూపించండి. మొదటి అధ్యాయంలో అది "ఎ సింగిల్ గ్రీన్ లైట్", ఎవరికీ తెలియని ఏదో ఒక లైటు. ఆఖరి పేజీకి వచ్చేసరికి "ద గ్రీన్ లైట్".