అప్‌డేట్: మ్యూజియం విందుకు వెళ్లాను

ఇరవై ఏళ్ల నాటి కళాశాల మిత్రుడు ఫోనులో నన్ను "మీరు" అని సంబోధించాడనీ, విశాఖ మ్యూజియంలో అతను ఏర్పాటు చేస్తున్న సాయంకాలపు విందుకు వెళ్లాలా మానాలా అనీ గత నెల మిమ్మల్ని అడిగాను. వెళ్లమన్నారు, వెళ్లాను.

బీచ్ రోడ్డులోని ఆ పాత డచ్ బంగళాలో, మడత నలగని కోటుతో అతను అతిథులకు నమస్కరిస్తూ కనిపించినప్పుడు, ఆర్.కె. బీచ్‌లో ఒకే పొట్లంలోని మురీ మిక్స్చర్‌ను నాతో పంచుకుని తిన్నవాడు ఇతడేనా అనిపించింది. ప్రసంగాల గురించి చెప్పడానికేమీ లేదు. 1942 ఏప్రిల్‌లో జపాను విమానాలు నగరంపై వేసిన బాంబుల్లో పేలకుండా మిగిలినది ఒకటి అక్కడ ఉంది. దాని ఎదుట మేమిద్దరమే ఉన్నప్పుడు, "ఎప్పటి నుంచిరా నేను నీకు మీరు అయ్యాను?" అని అడిగాను. (అడగడానికి అంతకంటే తగిన చోటు దొరకదు కదా.)

తన తండ్రిగారు పోయినప్పుడు నేను పంపినది ఒక్క వాట్సాప్ సందేశమేననీ, "మీ కుటుంబానికి ప్రగాఢ సానుభూతి" అన్న ఆ వాక్యంతోనే "మీరు" మొదలైందనీ అతను నెమ్మదిగా చెప్పాడు. నాకది గుర్తే లేదు. ఫోనులో వెతికితే ఉంది. అతని మార్పుల పట్టికను మనసులో రాసుకుని వెళ్లిన నేను ఇక మాట్లాడలేకపోయాను.

తర్వాత ఇద్దరం కుర్సురా జలాంతర్గామి వరకు నడిచాం. 2002లో అది ప్రదర్శనశాలగా మారిన కొత్తలో క్యూలో నిలబడి చూసినవాళ్లం. దారి పొడవునా అతను ఒకసారి "ఒరేయ్" అన్నాడు, మూడుసార్లు "మీరు" అన్నాడు. వచ్చే ఆదివారం వాళ్ల అమ్మగారిని చూడటానికి గాజువాక వెళ్తున్నాను.