డిస్క్ డ్రైవ్ లేని గేమ్ కన్సోల్ కొంటే ఆట ధర ఎవరి చేతిలో ఉంటుంది?

మారతహళ్లి_గేమర్:
సోనీ ప్లేస్టేషన్ 4 (పీఎస్4) రోజుల్లో పెద్ద ఆట రూ.3,999 ఉండేది. పీఎస్5 వచ్చాక రూ.4,999 మామూలైపోయింది. దీనికంతా ఆటల్ని విడుదల చేసే కంపెనీల, అంటే పబ్లిషర్ల, ఆశే కారణమని మనవాళ్లు తిడుతున్నారు. నేను ఒప్పుకోను. అమ్మేవాడు ఒక్కడే అయితే ధర దిగిరాదు. మా పీజీలో ఒక డిస్క్ కొంటే నాలుగు గదులు తిరుగుతుంది. ఆడటం అయ్యాక బెంగళూరు నేషనల్ మార్కెట్‌కి పట్టుకెళ్తే కొట్టతను దాన్ని లైటు కింద అటూ ఇటూ తిప్పి, గీతలున్నాయేమో చూసి రేటు చెప్తాడు. నచ్చకపోతే పక్క కొట్టుకి పోతాం. డ్రైవ్ లేని కన్సోల్‌లో ఈ బేరమే లేదు. పైగా 2019 ఏప్రిల్‌లో సోనీ పూర్తి ఆటల డౌన్‌లోడ్ కోడ్‌లను (డిస్క్ లేకుండా ఆట దించుకునేవి) బయటి దుకాణాల్లో అమ్మడం ఆపేసింది. ఇక వాళ్ల స్టోరే దిక్కు.

కోరమంగళ_శ్రీను:
అన్నా, మీరు ఒకవైపే చూస్తున్నారు. కన్సోల్‌ని నష్టానికి అమ్మి, ఆటల మీద వచ్చే 30 శాతం కమీషన్‌తో పూడ్చుకోవడం ఈ వ్యాపారంలో పాత పద్ధతే. అది తీసేస్తే కన్సోల్ ఖరీదు పెరుగుతుంది. ఇంకో సంగతి, 1983లో అమెరికాలో మార్కెట్ ఎందుకు కూలింది? ఎవరు పడితే వాళ్లు చెత్త ఆటలు తయారుచేసి అప్పటి అటారీ కన్సోల్ మీదకి వదలడం ఒక పెద్ద కారణం. అందుకే నింటెండో తన అనుమతి లేని ఆటలు నడవకుండా కన్సోల్‌లో లాక్ చిప్ పెట్టింది. తాళం లేకపోతే ఏమవుతుందో అప్పుడే చూశాం.

మారతహళ్లి_గేమర్:
శ్రీనూ, 499 డాలర్ల పీఎస్5 ఇక నష్టానికి అమ్మడం లేదని సోనీయే 2021 ఆగస్టులో చెప్పింది. అయినా కమీషన్ తగ్గిందా? 2022లో మన దగ్గర కన్సోల్ రేటు ఇంకో ఐదు వేలు పెంచారు కూడా. నింటెండో సంగతికొస్తే, నాణ్యత కోసమే అయితే పబ్లిషర్ ఏడాదికి ఐదు ఆటలే తేవాలని, ఆట ఉండే క్యాట్రిడ్జ్‌లు తమ దగ్గరే చేయించుకోవాలని షరతులెందుకు? 2014లో ఈఏ అనే పబ్లిషర్ నెలకి 5 డాలర్లకి తన ఆటలు కొన్ని ఆడుకునే చందా పథకం తెస్తే, అందులో మా కస్టమర్లకి తగినంత విలువ లేదని సోనీ కాదంది. మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ ఉన్నవాళ్లకి అప్పుడే దొరికింది, పీఎస్4 వాళ్లు 2019 దాకా ఆగాల్సి వచ్చింది. విలువ ఉందో లేదో తేల్చుకోవాల్సింది డబ్బు కట్టేవాడు కదా!

బీటీఎం_ఒంగోలు:
పబ్లిషర్లు పాపం అన్నట్టు మాట్లాడకండి. 2004లో ఈఎస్‌పీఎన్ ఎన్ఎఫ్ఎల్ 2కే5 అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటని 20 డాలర్లకే వదిలారు. దెబ్బకి ఈఏ తన ఫుట్‌బాల్ ఆట మ్యాడెన్‌ని 30 డాలర్లకి దించింది. ఆ డిసెంబర్‌లోనే అక్కడి ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌తో ప్రత్యేక ఒప్పందం రాయించుకుని పోటీ లేకుండా చేసింది. పీసీ ఆటలు అమ్మే ఎపిక్ స్టోర్ కమీషన్ 12 శాతమే తీసుకుంటుంది. అక్కడైనా కొత్త పెద్ద ఆటలు చౌకగా వస్తున్నాయా? మిగిలింది పబ్లిషర్ జేబులోకే పోతోంది. కమీషన్ తగ్గితే మనకి తగ్గుతుందన్నది భ్రమ.

మారతహళ్లి_గేమర్:
ఒంగోలు గారూ, ఎపిక్ విషయంలో మీ మాట నిజం. కమీషన్ తగ్గించమని నేను అడగడం లేదు కూడా. మీరు చెప్పిన ఫుట్‌బాల్ ఆటే చూడండి: ఇద్దరు అమ్మినన్నాళ్లూ రేటు దిగింది, ఒక్కడే మిగిలాక ఆ పోటీ పోయింది. ఆ ఒక్కడు సోనీ అయినా ఈఏ అయినా కొనేవాడికి ఒకటే. 30 శాతం తీసుకోనివ్వండి. కోడ్‌లు మాత్రం ఏ దుకాణమైనా తన లాభం తగ్గించుకుని అమ్ముకునే వీలుండాలి.

కేఆర్‌పురం_కుర్రోడు:
నాకు చర్చ అంతగా అర్థం కాలేదు అన్నా. మొదటిసారి కొంటున్నా, ఏది తీసుకోమంటారు?

మారతహళ్లి_గేమర్:
డ్రైవ్ ఉన్నదే తీసుకో తమ్ముడూ. పీఎస్5 మన దగ్గర మొదట వచ్చినప్పుడు డ్రైవ్ ఉన్నదానికీ లేనిదానికీ తేడా పది వేలు. కొత్త ఆటలు కొని ఆడి అమ్ముకుంటూ పోతే ఆ పది వేలు వెనక్కి వచ్చేస్తాయి. డిస్క్ కవర్ పారేయకు, అది లేకపోతే కొట్టువాళ్లు రేటు తగ్గిస్తారు.

కోరమంగళ_శ్రీను:
కమీషన్ విషయంలో నా మాట మార్చను. డ్రైవ్ ఉన్నది కొనమనడానికి మాత్రం నాదీ అదే ఓటు.