ఆకు టీ చేదుగా వస్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను ఇక్కడికి వచ్చి మూడు వారాలైంది. ఇన్నాళ్లూ టీ పొడి తప్ప ఆకు టీ ఎప్పుడూ చేసుకోలేదు. ఆఫీసులో ఒకావిడ ఒక డబ్బా డార్జిలింగ్ ఆకు, ఒక పొట్లం గ్రీన్ టీ ఇచ్చారు. రెండూ ఎప్పటిలాగే గిన్నెలో వేసి మరిగించాను. ఒకటి నోట్లో పెట్టుకోలేనంత చేదు, రెండోది పసరు వాసన. అంత ప్రేమగా ఇచ్చినవి పారబోయడానికి మనసొప్పడం లేదు. నా దగ్గర ఒక కరెంటు కెటిల్, రెండు కప్పులు, ఒక జల్లెడ ఉన్నాయి. ఇంకేమైనా కొనాలా?

జవాబు

తమ్ముడూ, పారబోయకు. ఆకులో ఏ తప్పూ లేదు, మరిగించడం వల్లే అలా అయింది. నీ దగ్గరున్న సామాను సరిపోతుంది, ఇప్పుడే ఏమీ కొనకు.

నీకు అలవాటైన టీ పొడి సీటీసీ రకం అయ్యుంటుంది. 1930ల్లో అస్సాంలో మొదలైన పద్ధతి అది. పళ్లున్న రోలర్ల మధ్య ఆకును నలిపి, చీల్చి, చిన్న గుళికల్లా చుడతారు. ఆకు అంతా చితికిపోయి ఉంటుంది కాబట్టి వేడినీళ్లు తగలగానే రంగూ ఘాటూ దిగిపోతాయి. పాలు పోసి మరిగించినా తట్టుకుంటుంది. నీ డబ్బాలో ఉన్నది అలాంటిది కాదు. ఆకును వాడబెట్టి, మెల్లగా నలిపి చుట్టి, ఆరబెట్టినది. దాని గొప్పతనమంతా సువాసనలో ఉంది. మరిగేకొద్దీ ఆ వాసన ఆవిరితో పోతుంది, వగరు మాత్రం కప్పులో మిగులుతుంది.

గ్రీన్ టీ కూడా అదే మొక్క. కాకపోతే ఆకు కోసిన కొద్దిసేపటికే వేడి తగిలించి, రంగు మారకుండా ఆపేస్తారు. అందుకే దానికి సలసల కాగే నీళ్లు పనికిరావు. నీళ్లు ఎంత వేడిగా ఉంటే చేదూ వగరూ అంత తొందరగా దిగుతాయి.

ఇప్పుడు పద్ధతి చెప్తాను. కప్పుకి, అంటే 200 మిల్లీలీటర్ల నీళ్లకి, 2 గ్రాముల ఆకు చాలు. తూకం లేకపోతే డార్జిలింగ్ ఆకు గోపురంగా ఒక టీ స్పూను వేసుకో. చెంచా కొలత అన్ని ఆకులకీ ఒకటి కాదు. గట్టిగా ఉండలు చుట్టిన ఊలాంగ్ అనే రకం టీ అయితే అదే చెంచాలో చాలా ఎక్కువ బరువు పడుతుంది, పొడవాటి విడి ఆకు అయితే తక్కువ పడుతుంది.

డార్జిలింగ్‌కి నీళ్లు కాగాక కెటిల్ ఆఫ్ చేసి, బుడగలు సర్దుకునేదాకా ఒక నిమిషం ఆగి పోసుకో. 90, 95 డిగ్రీల దగ్గర ఉంటుంది. గ్రీన్ టీకి 80 దాటనీయకు. థర్మామీటర్ అక్కర్లేదు. మూడు వంతుల కాగిన నీళ్లకి ఒక వంతు మామూలు నీళ్లు కలిపితే దాదాపు 80 వస్తుంది. కలిపాకే ఆకు మీద పోసుకో. ముందు కాగే నీళ్లు పోసి తర్వాత చల్లార్చితే లాభం లేదు, అప్పటికే చేదు దిగిపోయి ఉంటుంది.

ఒక కప్పులో ఆకు వేసి, నీళ్లు పోసి, పైన సాసరో చిన్న ప్లేటో మూత పెట్టు. గ్రీన్ టీకి రెండు నిమిషాలు, డార్జిలింగ్‌కి మూడు. ఫోన్‌లో టైమర్ పెట్టుకో, అందాజు మీద వదిలేయకు. టైము అవగానే జల్లెడతో రెండో కప్పులోకి వంచెయ్, చివరి చుక్కదాకా. అడుగున నీళ్లు ఉండిపోతే ఆకు వాటిలో నానుతూనే ఉంటుంది, రెండోసారి వాడేసరికి చేదెక్కుతుంది. ఆకు విడిగా ఉంటేనే బాగా విచ్చుకుంటుంది. గొలుసుతో వచ్చే చిన్న జల్లెడ గుండ్లలో ఇరుక్కుపోయి సరిగ్గా నానదు. వాటికంటే నీ రెండు కప్పులే నయం.

ఈ ఆదివారం ఒక పని చెయ్. డార్జిలింగ్ కాస్త ఎక్కువ నీళ్లతో నానబెట్టి, నిమిషానికి ఒక చెంచా చొప్పున రుచి చూడు. మొదటి నిమిషంలో వాసన ఉంటుంది కానీ నీళ్లలా ఉంటుంది. మూడో నిమిషానికి తీపి లాంటిదేదో తగులుతుంది, నాలుక పక్కల కొంచెం వగరు. ఆరో నిమిషంలో నాలుక అంచులు గరుకెక్కుతాయి. నీకు ఎక్కడ ఆపాలో నీ నాలుకే చెప్తుంది. నేనూ అలాగే నేర్చుకున్నాను. అప్పటినుంచి స్ట్రాంగ్‌గా కావాలంటే ఆకు పెంచుతాను తప్ప నిమిషాలు పెంచను.

టీ రుచి చూసేవాళ్ల కోసం ఐఎస్ఓ 3103 అని ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది. 100 మిల్లీలీటర్లకి 2 గ్రాముల ఆకు, ఆరు నిమిషాలు. ఎక్కడైనా అది చూసి ఇంట్లో అలా చేయకు. అది రకాలను పక్కపక్కన పెట్టి పోల్చడానికి పెట్టుకున్న కొలత. హాయిగా తాగడానికి అంత ఘాటు అక్కర్లేదు.

ఇంకో జవాబు

అక్క చెప్పినదంతా నిజం. నీళ్ల సంగతి ఒక్కటి నేను కలుపుతాను, ఎందుకంటే కొత్త చోటికి వచ్చినవాళ్లు దాన్ని పట్టించుకోరు. నేను ఏడాది పాటు ఆకు బాగోలేదని డబ్బాలు మార్చుతూ పోయాను. మార్చాల్సింది నీళ్లు.

టీ పోసి రెండు నిమిషాలు కదపకుండా ఉంచి, కప్పుని వెలుతురులో ఏటవాలుగా చూడు. పైన పల్చటి పొర కట్టి, చెంచా తగలగానే పెంకులా పగులుతుందా? అయితే మీ కుళాయి నీళ్లు కఠిన జలం. నీళ్లలోని కాల్షియం, బైకార్బనేట్ టీలోని పదార్థాలతో కలిసి, గాలి తగిలినప్పుడు ఆ పొర ఏర్పడుతుంది. లండన్ ఇంపీరియల్ కాలేజీలో స్పైరో, జగన్యి అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు దీని మీద పరిశోధన చేసి 1993లో ప్రచురించారు. పొర వల్ల హాని లేదు. కానీ అలాంటి నీళ్లలో టీ నల్లగా, మందంగా వస్తుంది, డార్జిలింగ్ లాంటి దాని వాసన పైకి రాదు. కెటిల్ అడుగున తెల్లటి గార కట్టినా అదే గుర్తు. నీళ్ల కఠినత్వం తగ్గించే ఫిల్టర్ జగ్గు ఒకటి కొనుక్కుంటే తేడా మొదటి కప్పులోనే తెలుస్తుంది. అలాగని డిస్టిల్డ్ వాటర్ వాడకు, టీ చప్పగా ఉంటుంది.

మీ ఊరు ఎత్తున ఉంటే ఇంకో విషయం. సుమారు 300 మీటర్లకి ఒక డిగ్రీ చొప్పున నీళ్లు మరిగే వేడి తగ్గుతుంది. 1500 మీటర్ల మీద 95 దగ్గరే మరుగుతాయి. అక్కడ డార్జిలింగ్‌కి ఆగాల్సిన పని లేదు, కాగగానే పోసెయ్.

మళ్లీ ప్రశ్న

అక్కా, అన్నా, ఇద్దరికీ థ్యాంక్స్. నిన్న సాయంత్రం రెండు కప్పుల పద్ధతిలో చేశాను. అదే డబ్బా అంటే నమ్మలేకపోయాను, పువ్వుల వాసన వచ్చింది! గ్రీన్ టీ కూడా పసరు వాసన లేకుండా వచ్చింది. పొర మాత్రం అన్న చెప్పినట్టే పగిలింది, ఫిల్టర్ జగ్గు తెచ్చుకుంటాను. ఇంకో రెండు సందేహాలు. పొద్దున్నే నాకు పాల టీ పడాలి, ఈ ఆకుతో కుదురుతుందా? ఇవి ఎలా దాచుకోవాలి?

జవాబు

చాలా సంతోషం తమ్ముడూ.

పాలకి ఈ డార్జిలింగ్ వాడకు, పాలు పోస్తే ఆ పువ్వుల వాసన కప్పబడిపోతుంది. అస్సాం ఆకు విడిగా తెచ్చుకో. కప్పుకి 3 గ్రాములు, సలసల కాగే నీళ్లు, నాలుగైదు నిమిషాలు. డికాషన్ వడకట్టాక వేడి పాలు కలుపుకో. టెన్షన్ పడకు, చిక్కగానే వస్తుంది. మరిగించిన టీయే కావాలనిపించిన రోజు సీటీసీ పొడి ఉండనే ఉంది, అది అందుకోసం చేసిందే.

డబ్బాకి గాలి, తేమ, వెలుతురు తగలకూడదు. అన్నిటికంటే ముఖ్యం, పక్కన ఘాటైన వాసన ఉండకూడదు. టీ ఆకు పక్కనున్న వాసనంతా పీల్చుకుంటుంది. మసాలా డబ్బాల అరలో పెట్టకు, స్టవ్ పైన ఉండే అరలోనూ వద్దు. ఫ్రిజ్‌లో పెట్టి రోజూ తీస్తూ ఉంటే డబ్బా లోపల చెమ్మ పడుతుంది, బయటే మేలు.

రెండిట్లో గ్రీన్ టీ ముందు వాడెయ్, దాని తాజాదనం తొందరగా పోతుంది. ఒకసారి నానిన ఆకు పారేయకు. వెంటనే ఇంకోసారి నీళ్లు పోసుకోవచ్చు, ఈసారి అర నిమిషం ఎక్కువ ఉంచు. కానీ తడి ఆకు రాత్రంతా కప్పులో వదిలి పొద్దున వాడకు. ఇంకోటి, నీకు రక్తహీనత ఉంటే భోజనంతో పాటు టీ తాగకు, తిండిలోని ఐరన్ ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది. గంట ఆగి తాగు.

డబ్బా ఇచ్చినావిడకి ఒక రోజు నువ్వే చేసి ఇవ్వు. ఆవిడ కప్పుకి ఎన్ని నిమిషాలు కావాలో ముందు అడుగు.