రాత్రి స్టేజీ లైట్లలో ఏఆర్ బొమ్మ నిలబడటం లేదు

విశాఖ ఆర్కే బీచ్‌లో మేం చేయబోయే జానపద కార్యక్రమం ప్రచారానికి 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు ఫ్లెక్సీ కట్టాం. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఫోన్ కెమెరా ఫ్లెక్సీ వైపు తిప్పితే, దాని మీది చిత్రాన్ని గుర్తుపట్టి, ఉత్తరాంధ్ర జానపద కళ తప్పెటగుళ్ళ కళాకారుడి త్రీడీ బొమ్మ తెర మీద అక్కడే ఆడాలి (దీన్నే ఏఆర్, అంటే ఆగ్మెంటెడ్ రియాలిటీ అంటారు). యాప్ అక్కర్లేదు, బ్రౌజర్‌లోనే నడుస్తుంది.

పొద్దున 10 గంటలకు చక్కగా ఆడుతోంది. సాయంత్రం 6:30 దాటి స్టేజీ లైట్లు వేయగానే బొమ్మ వణికి, రెండు మూడు సెకన్లలో మాయమవుతోంది. 12 అడుగుల దూరం నుంచి నాలుగు ఫోన్లలో చూశాం, అన్నిట్లో ఇదే వరస.

గాలికి ఊగుతోందేమోనని ఫ్లెక్సీని చెక్క ఫ్రేముకు బిగించాం. మెరుపు లేని మ్యాట్ ఫ్లెక్సీ వేయించాం. డిజైన్‌లో ఖాళీ నీలం తీసేసి గట్టి గీతలు, మూలలు పెంచాం. త్రీడీ బొమ్మ ఫైల్‌ను 18 ఎంబీ నుంచి 4 ఎంబీకి దించాం. త్వరగా లోడవుతోంది గానీ వణుకు పోలేదు. స్టేజీ లైట్లు ఆపి ఒక్క తెల్ల ఫ్లడ్ లైట్ వేస్తే మాత్రం నిలిచింది. రంగులు మారినప్పుడల్లా కెమెరా ఎక్స్‌పోజర్ (వెలుతురు సర్దుబాటు) మారిపోవడమే కారణమని నా అనుమానం. కానీ షో నడిచేటప్పుడు ఆ లైట్లు ఆపలేం. ఈ కళను ఎప్పుడూ చూడని పిల్లలకు చూపించాలని మా ఆశ, అందుకే వదలబుద్ధి కావడం లేదు.

ఇలాంటి చోట చేసిన అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి: ఫ్లెక్సీ బదులు వెనక నుంచి వెలిగే లైట్ బాక్స్ పెడితే, రంగుల లైట్ల మధ్య కూడా ట్రాకింగ్ (ఫోన్ ఆ చిత్రాన్ని వదలకుండా గుర్తుపట్టడం) నిలబడుతుందా?