స్కూలు ఫీజు లెక్క: ఏడాది చివర సున్నా వస్తోంది, మధ్యలో అన్ని నెలలూ మైనస్ ఎందుకు?

నెలాఖరు:
నాలుగు గంటలుగా దీంతోనే కుస్తీ పడుతున్నా, ఇక నా వల్ల కావట్లేదు. ప్రైవేటు స్కూలు ఖర్చుకి షీట్ వేశా. ఏడాదికి మొత్తం 144 అనుకోండి, లెక్క తేలిగ్గా ఉంటుందని ఆ అంకె చెబుతున్నా. పన్నెండుతో భాగిస్తే నెలకు 12. పక్కన పెట్టేది ఒక వరుస, కట్టేది ఒక వరుస, మిగిలేది మూడో వరుస. చివరి నెలలో సరిగ్గా సున్నా వస్తోంది, అంటే కూడికలో తప్పు లేదు. కానీ మొదటి నెల నుంచే మైనస్. సూత్రం పదిసార్లు చూశా. ఎక్కడ పొరపాటు?

మూడోబెంచి:
ఏ నెలలో ఎంత కడతారో చెప్పలేదు.

బొత్తాం:
ఆ 144లో యూనిఫాం ఎంత రాశారు? చాలామంది స్కూల్లో చేరేటప్పుడు కొన్న రెండు జతలు రాసి వదిలేస్తారు. బడి వయసు పిల్లలు ఏడాదికి 5, 6 సెంటీమీటర్లు ఎదుగుతారు, ఈడొచ్చే వయసులో ఇంకా ఎక్కువ. ప్యాంటు, స్కర్టు కొనేటప్పుడు లోపలి మడత ఎంత ఉందో తిప్పి చూడండి. 5 సెంటీమీటర్ల మడత ఉంటే విప్పి కుట్టించుకుని ఇంకో ఏడాది నడపొచ్చు, 2 ఉంటే ఆ ఏడాదితో సరి. చొక్కాకి ముందు బిగుతయ్యేది భుజాలే, అక్కడ విప్పడానికి ఏమీ ఉండదు. కాబట్టి చొక్కాలు ఒక సైజు పెద్దవి, కింది బట్టలు మడత ఉన్నవి తీసుకోండి. బూట్లు మాత్రం పెద్దవి కొనకండి, మడమ జారి పుండ్లు పడతాయి. బూట్లకి ఏడాదికి రెండుసార్లు రాసుకోండి. ఆటల యూనిఫాం వేరే పద్దు.

నెలాఖరు:
యూనిఫాం గురించి కాదండీ నా ప్రశ్న. మొదటి నెల 72, ఐదో నెల 36, తొమ్మిదో నెల 36. టర్మ్ ఫీజులు అంతే కదా, చెప్పాలా?

చిట్టాపద్దు:
చెప్పాలండీ, మీ ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది. మీ సూత్రం తప్పు కాదు. మీరు నెలకు 12 వేస్తున్నారు, స్కూలేమో మొదటి నెలలోనే సగం తీసేసుకుంటోంది. 12 వేసి 72 తీస్తే మైనస్ 60. అక్కడి నుంచి మైనస్ 48, 36, 24. ఐదో నెల 12 వేసి 36 కడితే మళ్లీ మైనస్ 48. తొమ్మిదో నెల మైనస్ 36. పన్నెండో నెలకి సున్నా. మీ షీట్ చూపిస్తున్నది ఇదే.

మిగిలేది రాసిన వరుసలో అతి చిన్న అంకె ఏదో మిన్ సూత్రంతో తీయండి. మీకు మైనస్ 60 వస్తుంది. స్కూలు తెరిచే నాటికి ఖాతాలో ఉండాల్సిన మొత్తం అదే, 60. నెలకు 12 చొప్పున అయితే ఐదు నెలల ముందు మొదలుపెట్టాలి. ఇంకో చిన్న మెలిక ఉంది. ఫీజు గడువు జీతం రోజుకన్నా ముందు పడితే ఆ నెల 12 ఇంకా చేతికి రాదు. అప్పుడు కావాల్సింది 72, అంటే ఆరు నెలల ముందు. నెలల బదులు తేదీలతో వేస్తే ఇది కనిపిస్తుంది.

అసలు పొరపాటు వేరే ఉంది: ఏడాది చివర సున్నా వచ్చిందని మీరు సంతోషిస్తున్నారు. అది రాకూడదు. వచ్చే ఏడాది మొదటి నెలలో మళ్లీ 72 కట్టాలి కదా! చివర మిగలాల్సింది సున్నా కాదు, మళ్లీ 60. అదీ ఫీజు పెరగకపోతేనే. 8 శాతం పెరిగితే 64.8 కావాలి. కాబట్టి 60తో మొదలుపెట్టినా, పైనున్న 4.8ని పన్నెండు నెలలకి పంచి ఈ ఏడాది నెలకు 12 కాదు, 12.40 వేయాలి. షీట్ ఎప్పుడూ 24 నెలలకి వేయండి, 12కి వేస్తే ఈ గొయ్యి కనబడదు.

వడ్డీలెక్క:
నెలాఖరు గారూ, ఏడాది ఫీజు ఒకేసారి కడితే తగ్గింపు ఉందా? ఉంటే అది అన్నిటికన్నా ముందు చూడాలి. 120 ఫీజు, ఒకేసారి కడితే 5 శాతం తగ్గింపుతో 114 అనుకుందాం. లేదంటే 40 చొప్పున మూడుసార్లు. మొదటి 40 ఎలాగూ ఈరోజే పోతుంది, కాబట్టి 114లో మీరు నిజంగా వాయిదా వేసుకున్నది 74 మాత్రమే. దానికి బదులు నాలుగు నెలల తర్వాత 40, ఎనిమిది నెలల తర్వాత 40 కడుతున్నారు. 74 మీద 6 అదనం, అదీ సగటున ఆరు నెలలకే. ఏడాదికి లెక్కేస్తే సుమారు 16 శాతం వడ్డీ.

మూడోబెంచి:
5 శాతం అంటే 5 శాతమే. 16 ఎక్కడిది?

వడ్డీలెక్క:
తగ్గింపు మొత్తం ఫీజు మీద ఇస్తున్నారు, మీ దగ్గర డబ్బు ఉండేది మాత్రం కొంత భాగమే, కొన్ని నెలలే. అదే 120ని నెలకు 10 చొప్పున పన్నెండుసార్లు కట్టనిస్తే, మొదటిది పోను 104 మీద 6 అదనం, వడ్డీ పదకొండున్నర శాతం దగ్గర. తగ్గింపు ఒకటే, వాయిదాల తీరు మారితే వడ్డీ మారిపోతుంది. పొదుపు ఖాతాలో దానికన్నా తక్కువ వస్తుంటే ఒకేసారి కట్టడమే మేలు. ఒక్క షరతు: అత్యవసరానికి దాచిన డబ్బు దీనికి ముట్టుకోవద్దు. మధ్యలో స్కూలు మారితే ముందే కట్టిన ఫీజులో ఎంత తిరిగి ఇస్తారో కూడా కాగితం మీద చూసుకోండి.

పాతరసీదు:
ఆ 72లో కాషన్ డిపాజిట్ కూడా కలిపారా? కలిపితే తీసేయండి. తిరిగొచ్చే డబ్బుని ఖర్చు అనకూడదు.

చిట్టాపద్దు:
ఖర్చు అనకపోయినా చెల్లింపు అంటారు. ఆ రోజు ఖాతాలోంచి పోతుందిగా.

పాతరసీదు:
రెండూ ఒకటి కాదు, కలిపి రాస్తే వచ్చే ఏడాది 144 మళ్లీ కట్టాలనుకుంటారు. అది ఒక్కసారి కట్టేది. అడ్మిషన్ ఫీజూ అంతే, కాకపోతే అది తిరిగి రాదు.

చిట్టాపద్దు:
ఒక్కసారి కట్టేవాటికి వేరే వరుస పెట్టాలి, ఒప్పుకుంటా. కానీ డిపాజిట్ పూర్తిగా ఖర్చు కాదనడం సరికాదు. వడ్డీ లేకుండా పదేళ్ల తర్వాత 100కి 100 తిరిగిచ్చినా, ధరలు ఏటా 6 శాతం పెరిగితే దాని విలువ ఇప్పటి 56తో సమానం. మిగతా 44 పోయినట్టే.

పాతరసీదు:
అసలు రసీదు లేకపోతే ఆ 56 కూడా రాదు. రసీదు ఫొటో తీసి పెట్టుకోండి, అసలుది అడ్మిషన్ కాగితాలతో ఉంచండి. స్కూలు వదిలేటప్పుడు ఎన్నాళ్ల ముందు రాతపూర్వకంగా చెప్పాలో చేరేరోజే రాసుకోండి. కొన్ని స్కూళ్లు ఒక టర్మ్ ముందు చెప్పమంటాయి, చెప్పకపోతే ఆ టర్మ్ ఫీజు డిపాజిట్‌లో పట్టుకుంటాయి.

నెలాఖరు:
డిపాజిట్ పెద్దోడిది ఎప్పుడో కట్టేశాం. ఇక కట్టాల్సింది చిన్నోడిది. వాడు వచ్చే ఏడాది చేరతాడు.

మూడోబెంచి:
ఇద్దరా?!

చిట్టాపద్దు:
ఇద్దరని ముందే చెప్పాల్సింది. చిన్నబ్బాయికి వేరే వరుస వేయండి. అడ్మిషన్, డిపాజిట్, పెద్దబ్బాయి మొదటి టర్మ్ ఒకే నెలలో పడతాయి, ఆ నెలే మీకు అన్నిటికన్నా గడ్డు నెల. రెండో బిడ్డకి తగ్గింపు ఇస్తామంటే అది ట్యూషన్ ఫీజు మీదా, మొత్తం మీదా అని అడగండి. బస్సు, పుస్తకాలకి ఇవ్వకపోవచ్చు. పెద్దబ్బాయి ఏ తరగతి? 144 అన్నది ఫీజు కాగితం మీది అంకేనా? బస్సు ఉందా అందులో?

నెలాఖరు:
ఐదు. గత ఏడాది 100 కట్టాం అనుకోండి, ఆరుకి 120 అంటున్నారు. అందుకే ఏటా 20 శాతం పెంచి వేశా, పదేళ్లకి గుండె ఆగేలా ఉంది. బస్సు అందులో లేదు.

చిట్టాపద్దు:
20 శాతం కాదు. ఈ ఏడాది ఐదో తరగతి ఫీజు ఎంతో అడగండి. 108 అన్నారనుకోండి, అసలు పెంపు 8 శాతమే. 108 నుంచి 120 అన్నది తరగతి స్థాయి మారినందుకు వచ్చిన మెట్టు, అది మళ్లీ ఇంకో స్థాయి మారినప్పుడే వస్తుంది. 20 శాతంతో పెంచితే పదేళ్లకి 6.2 రెట్లు, 8 శాతంతో అయితే 2.2 రెట్లు. ఆ తర్వాత మెట్లు ఎప్పుడెప్పుడు ఉన్నాయో చూసి విడిగా కలపండి.

కాగితం మీద లేనివి పట్టుకోవడానికి పైతరగతి పిల్లల తల్లిదండ్రుల్ని అడగండి: ఏడాదిలో స్కూలు నుంచి డబ్బు అడుగుతూ వచ్చిన మెసేజ్‌లన్నీ తేదీలతో పంపమనండి. విహారయాత్ర, వార్షికోత్సవం దుస్తులు, పరీక్ష రుసుము, ప్రాజెక్టు సామాను అన్నీ అందులో ఉంటాయి. వాటికి ఎప్పుడూ గడువు తక్కువే. నా మాటగా అయితే కాగితం మీది మొత్తంలో పదో వంతు వేరే పెట్టుకోండి.

మూడోబెంచి:
బస్సు పది నెలలకా, పన్నెండుకా? సెలవుల్లో కూడా తీసుకునేవాళ్లున్నారు.

బొత్తాం:
చిన్నబ్బాయికి పెద్దబ్బాయి యూనిఫాం పనికొస్తుందా చూడండి, మధ్యలో స్కూలు రంగు మార్చకపోతే. బటన్లు, జిప్పులు మార్చడానికి కొంచెం రాసుకుంటే సరిపోతుంది.

వడ్డీలెక్క:
తగ్గింపు ఉందో లేదో ఇంకా చెప్పలేదు.

నెలాఖరు:
ముందు నెలల గడులు ఐదు కలిపా, మైనస్ పోయింది. థాంక్సండీ అందరికీ. బస్సు సంగతి రేపు ఆఫీసులో అడుగుతా.

పాతరసీదు:
అడిగితే రాసిచ్చిన కాగితం తీసుకోండి. నోటిమాటగా పది అని, తర్వాత పన్నెండుకి బిల్లు వేస్తే చూపించడానికి ఏమీ ఉండదు.